అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద హామ్ రేడియో 20 మీటర్ల బ్యాండ్‌కి (14 మెగాహెర్ట్జ్ తరంగాలకి) చవకగా డైరెక్షనల్ యాంటెన్నా, అంటే ఒక వైపుకి గురిపెట్టేది, కట్టుకోవచ్చా?

నిక్షేపంలా కట్టుకోవచ్చు. అల్యూమినియం గొట్టాల బీమ్ యాంటెన్నా, దాన్ని తిప్పే మోటారు లేనిదే పని జరగదనే వాళ్ల మాట వినకండి. హైదరాబాద్‌కి యూరప్ వాయవ్యంలో ఉంది. రేపూ అక్కడే ఉంటుంది. ఇక మోటారెందుకు?

నేను వాడింది 1.5 ఎస్‌క్యూ ఎంఎం ఇంటి వైరింగ్ వైరు, ఐదు వెదురు కర్రలు, పీవీసీ పైపు ముక్కలు. ముందు మామూలు డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించే రెండు వైరు ముక్కలు: 14.2 మెగాహెర్ట్జ్‌కి అటు ఐదు మీటర్లు, ఇటు ఐదు. ప్లాస్టిక్ తొడుగున్న వైరుకి ఇంకాస్త తక్కువే సరిపోతుంది కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత, తక్కువుంటే మంచిది) చూసుకుంటూ కొంచెం కొంచెంగా కత్తిరించండి. నేను ఒకేసారి కత్తిరించి, మళ్లీ అతుకు వేసుకున్నాను. దాని వెనక మూడు మీటర్ల పైచిలుకు దూరంలో, 5 శాతం పొడుగ్గా ఇంకో వైరు. అదే సిగ్నల్‌ని ముందుకి మళ్లించే రిఫ్లెక్టర్, దానికి కేబుల్ అక్కర్లేదు. కేబుల్ 50 ఓమ్‌లదేనా అని చూసి కొనండి. కోఠిలో నాకు ఒకాయన 75 ఓమ్‌ల టీవీ కేబుల్ అంటగట్టాడు, అదీ "ఫారిన్ మాల్ సార్" అంటూ.

సిగ్నల్ వైరుకి అడ్డంగా వెళ్తుంది కాబట్టి, యూరప్ వైపు చూడాలంటే వైర్లు ఈశాన్యం నుంచి నైరుతికి రావాలి. మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి అక్కడే గుచ్చుకుంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదట! రెండు కిలోల వెదురు కర్రకి బిల్డింగు కుంగుతుందా?

కట్టిన మూడో రోజు సాయంత్రం ఇటలీ ఆయన ఒకరు నాకు 5-8 రిపోర్టు (మాట స్పష్టతకి ఐదుకి ఐదు, సిగ్నల్ బలానికి తొమ్మిదికి ఎనిమిది) ఇచ్చారు. ఉత్త డైపోల్‌తో 5-5 దాటింది లేదు. మాట్లాడుతూ ఉండగానే ఎస్‌డబ్ల్యూఆర్ ముల్లు ఎక్కడం మొదలైంది, ఆయనేమో "వినపడట్లేదు" అంటున్నారు. టెన్షన్‌తో నాలుగు అంతస్తులూ ఎక్కి చూస్తే, రిఫ్లెక్టర్ కర్రని పిట్టగోడకి లాగి కట్టిన నైలాన్ తాడు మీద తడి దుప్పట్లు! కర్ర ఒరిగిపోయింది, రిఫ్లెక్టర్ వెళ్లి డైపోల్ మీద పడింది. పై ఫ్లోర్ పిన్నిగారు తాపీగా, "ఖాళీగా ఉన్న తాడే కదా బాబూ" అన్నారు.

మర్నాడు ఆవిడ కోసం వేరే తాడు కట్టాను. అన్నట్టు, ఉరుములు మొదలైతే రేడియో నుంచి కేబుల్ పీకేయండి. ఇంతకీ మీ టెర్రస్‌కి వాయవ్యం వైపు ఏం అడ్డముంది?