చార్జింగ్ లైట్ సన్నగా వెలుగుతూనే ఉంది, కొత్త బ్యాటరీ కూడా దిగిపోతోంది: ట్రాక్టర్ డైనమో మార్చాలా?

మీరు చెప్పింది ఇదీ: దమ్ము పని అయ్యాక ఇంజన్ నడుస్తున్నా చార్జింగ్ లైట్ పూర్తిగా ఆరడం లేదు. రెండు నెలల కిందట వేసిన బ్యాటరీ పొద్దున్నే సెల్ఫ్ తిప్పలేకపోతోంది. షాపులో డైనమో మొత్తం మార్చాలంటున్నారు. ఇప్పుడే మార్చకండి. మూడు నాలుగు వందల మల్టీమీటర్ ఒకటి, 10, 13 నంబర్ స్పానర్లు ఉంటే అరగంటలో లోపం ఎక్కడుందో తేలిపోతుంది. అందరం డైనమో అనే అంటాం గానీ ఇప్పటి బళ్లలో ఉండేది ఆల్టర్నేటర్. కటౌట్ (చార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) బయట విడిగా ఉండదు, ఆల్టర్నేటర్ వీపుకే ఆ పని చేసే రెగ్యులేటర్ ఉంటుంది. పాత డైనమో, కటౌట్ బండి అయితే కింద చెప్పినవాటిలో కొన్ని వర్తించవు.

మొదట బెల్ట్. బొటనవేలితో మధ్యలో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. బిగువు సరిగ్గానే ఉన్నా పుల్లీ గాడి అడుగు తళతళ మెరుస్తోందంటే బెల్ట్ అరిగి అడుగుకు ఆనుతోందన్నమాట. వి-బెల్ట్ పట్టు పక్కల నుంచి రావాలి, అడుగు నుంచి కాదు. అలాంటిదాన్ని ఎంత బిగించినా జారుతుంది, పైగా బేరింగ్ పోతుంది. బిగించేటప్పుడు గడ్డపార ఆల్టర్నేటర్ ముందువైపు బ్రాకెట్ మీదే ఆనించండి. వెనక మూత మీద ఆనిస్తే అల్యూమినియం పగులుతుంది.

తర్వాత బ్యాటరీ దగ్గర మూడు కొలతలు. రాత్రంతా ఊరుకున్న బండికి 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 అంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. స్టార్ట్ అయ్యాక 1500 ఆర్‌పీఎం దగ్గర హెడ్‌లైట్లు వేసి చూస్తే 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. ఇది 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే. బ్యాటరీ నీళ్లు వారంలో తగ్గిపోవడం, బల్బులు వరసగా మాడిపోవడం దానికి గుర్తులు. మూడూ సరిగ్గా ఉండి కూడా పొద్దున్న సెల్ఫ్ తిరగకపోతే ఆల్టర్నేటర్‌ను వదిలేసి బ్యాటరీ సెల్స్ హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచేది) చూడండి. ఒక సెల్ మిగతావాటికంటే 0.050 తక్కువ చూపితే బ్యాటరీదే లోపం.

మీ బండి విషయంలో అసలు ఆధారం ఆ లైటే. చాలామంది దాన్ని ఉత్త గుర్తు అనుకుంటారు. అది సర్క్యూట్‌లో భాగం. తాళం నుంచి వచ్చిన కరెంటు ఆ బల్బు గుండా డి ప్లస్ (కొన్నిటి మీద ఐఎన్‌డి లేదా ఎల్ అని ఉంటుంది) టెర్మినల్‌కు, అక్కణ్నుంచి బ్రష్‌ల (కార్బన్ ముక్కల) మీదుగా లోపల తిరిగే చుట్ట అయిన రోటర్‌కు వెళ్లి మొదటి అయస్కాంతాన్ని పుట్టిస్తుంది. ఇంజన్ తిరిగి ఆల్టర్నేటర్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టగానే డి ప్లస్ కూడా 14 వోల్టులకు ఎక్కుతుంది. బల్బుకు రెండు వైపులా వోల్టేజీ సమానమై ఆరిపోతుంది. కాబట్టి లైటు ఎలా వెలుగుతోందో చూస్తే సగం లోపం దొరికినట్టే.

తాళం తిప్పినా అసలు వెలగకపోతే బల్బు మాడింది, లేదా వైరు తెగింది, లేదా బ్రష్‌లు అరిగాయి. డి ప్లస్ వైరు ఊడదీసి ఇంజన్ బాడీకి తాకించండి. లైటు వెలిగితే బల్బు, వైరు బాగున్నాయి, లోపం లోపల ఉంది. (బి ప్లస్ అంటే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పోయే లావు వైరు. దానితో ఈ పని చేయొద్దు, అందులో నేరుగా బ్యాటరీ ఉంది.) బల్బు బదులు ఎల్‌ఈడీ పెట్టిన బళ్లు ఈమధ్య చాలా వస్తున్నాయి. దాని గుండా చాలినంత కరెంటు పోదు, రెండు మూడు వాట్ల మామూలు బల్బే వేయాలి. ఇంజన్ నడుస్తుండగా లైటు నిండుగా వెలుగుతుంటే ఆల్టర్నేటర్ ఏమీ ఇవ్వడం లేదని అర్థం, లేదా డి ప్లస్ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది.

మీది సన్నగా వెలుగుతోంది. అంటే రెండు వైపులా వోల్టేజీలో తేడా ఉంది. హెడ్‌లైట్లు వేస్తే ఆ వెలుగు పెరుగుతోందా చూడండి. పెరిగితే ముందు అనుమానించాల్సింది బి ప్లస్ వైరు, దాని లగ్ (వైరు చివర బోల్టుకు తగిలించే కన్ను), ఫ్యూజు. ఇంజన్ 1500 దగ్గర, లైట్లు వేసి ఉంచి, మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి ఎర్ర వైరు బి ప్లస్ స్టడ్ మీద, నల్ల వైరు బ్యాటరీ ప్లస్ సీసపు పోస్ట్ మీద ఆనించండి. క్లాంప్ మీద కాదు, పోస్ట్ మీదే. మీటర్ వైర్లు బెల్ట్‌కు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. 0.3 వరకు ఫరవాలేదు. 0.5 దాటితే దారిలో అడ్డం ఉంది. ఉదాహరణకు స్టడ్ దగ్గర 14.4, బ్యాటరీ దగ్గర 12.5 ఉందనుకోండి, 1.9 వోల్టులు దారిలోనే వేడిగా పోతున్నాయి. ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది, బ్యాటరీకి మాత్రం అందడం లేదు. అప్పుడు కొత్త ఆల్టర్నేటర్ వేసినా ఇదే కథ. అలాగే ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్ పోస్ట్‌కు కొలవండి, 0.2 దాటకూడదు. రంగు వేసిన బ్రాకెట్, తుప్పు పట్టిన ఎర్త్ పట్టీ ఇక్కడ దొరికిపోతాయి.

లగ్ విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. లేకపోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు వస్తాయి. విప్పాక లగ్ దగ్గర వైరు తొడుగు కొంచెం వెనక్కి లాగి చూడండి. రాగి పోగులు ఎర్రగా మెరవాలి. నల్లబడో, పచ్చగా చిలుము పట్టో ఉంటే ఎర్ర రాగి వచ్చేంతవరకు కోసి కొత్త లగ్ నొక్కించండి. బ్యాటరీ పోస్ట్‌లను వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, బిగించాక పైన వాసెలిన్ రాయండి. బిగించకముందే లోపల గ్రీజు పూసేవాళ్లున్నారు, అది తగులుకే అడ్డం.

రెండు కొలతలూ బాగుంటే తాళం స్విచ్ చూడండి. దాని కాంటాక్ట్ అరిగితే బల్బు ఆ వైపు వోల్టేజీ తగ్గి, చార్జింగ్ బాగున్నా లైటు సన్నగా వెలుగుతుంది. తాళం ఆపేసినా లైటు వెలుగుతుంటే మాత్రం ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ షార్ట్ అయింది. రాత్రంతా ఊరుకున్న బండి ఆల్టర్నేటర్ పొద్దున్నే తాకితే గోరువెచ్చగా ఉండటం దానికి తోడు గుర్తు, మీ బ్యాటరీని తాగేస్తున్నది అదే. తాళం తీసేసి బ్యాటరీ మైనస్ పోస్ట్‌కూ దాన్నుంచి ఊడదీసిన క్లాంప్‌కూ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల మీద పెట్టండి. 50 మిల్లీఆంపియర్లు దాటి, బి ప్లస్ వైరు తీయగానే తగ్గితే ఖాయం. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు. ఏసీ వోల్టులతో డయోడ్ చూసే పద్ధతి కూడా ఉంది: ఇంజన్ నడుస్తుండగా బి ప్లస్ దగ్గర 0.5 కంటే ఎక్కువ ఏసీ ఉంటే అనుమానించాలి. చవక మీటర్లు ఏసీలో పెడితే ఇంజన్ ఆపిన బ్యాటరీకే 25 అని చూపిస్తాయి. మీది అలా చూపితే ఈ పరీక్షకు పనికిరాదు.

లోపల లోపమని తేలితే, దమ్ములో తిరిగిన బండికి బ్రష్‌లే మొదట. బురదనీళ్లు లోపలికి పోయి ఎండాక బ్రష్ తన గూట్లో బిగుసుకుంటుంది, రోటర్ షాఫ్ట్ మీది స్లిప్ రింగును తాకదు. హోల్డర్ బయటకు 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే మార్చండి. పొడవున్నా వేలితో నొక్కితే స్ప్రింగులా తిరిగి రావాలి. రింగులను సున్నా నంబర్ ఎమెరీతో తుడిచి, రెండు రింగుల మధ్య కొలిస్తే 2.5 నుంచి 5 ఓమ్‌ల దాకా రావాలి. రింగుకూ షాఫ్ట్‌కూ మధ్య ఏమీ చూపకూడదు. ఇవి బాగుంటే మిగిలింది రెగ్యులేటర్ లేదా డయోడ్ ప్లేటు. రెండూ విడిగా దొరుకుతాయి. వైండింగ్ (రాగి తీగ చుట్ట) మాడిన వాసన వస్తేనే మొత్తం మార్చడం గురించి ఆలోచించండి. బేరింగ్ మారిస్తే రెండువైపులా రబ్బర్ సీల్ ఉన్న 2ఆర్‌ఎస్ రకమే అడగండి.

డయోడ్లు ఎక్కువగా పోయేది మన చేతుల్లోనే. నడుస్తున్న ఇంజన్‌కు బ్యాటరీ వైరు పీకి "ఇంజన్ ఆగిందా లేదా" అని చూడటం, బ్యాటరీ తీయకుండా హిచ్ దగ్గర వెల్డింగ్ చేయించడం, జంపర్ వైర్లు తిరగేసి పెట్టడం. సర్వీసింగ్ చేసేటప్పుడు ప్రెషర్ నీళ్లు ఆల్టర్నేటర్ వీపు మీద కొట్టడం కూడా మానేయండి. ఇక ట్రాలీకి ఆంప్లిఫయర్, వరస లైట్లు కట్టి ఉంటే ఒకసారి లెక్క వేయండి: 55 వాట్ల బల్బులు రెండే దాదాపు 9 ఆంపియర్లు తింటాయి, ట్రాక్టర్లకు సాధారణంగా వచ్చే 36 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఐడిల్‌లో ఆ 36 పూర్తిగా ఇవ్వదు.

బి ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు ఎంత వచ్చింది, తాళం తీశాక లైటు వెలుగుతోందా, ఈ రెండూ కొలిచి ఇక్కడే రాయండి, తర్వాత ఏం విప్పాలో చెప్తాను.