ఒక రైఫిల్ మ్యాగజైన్ మరో రైఫిల్‌కు సరిపోతుందా?

ఒక మోడల్ రైఫిల్ మ్యాగజైన్‌ను, అంటే తూటాలు నింపే పెట్టెను, మరో మోడల్‌కు వాడవచ్చా, కొంచెం ఆకురాయి పట్టి సరిచేసుకుంటే పని జరుగుతుందా అని మీరు అడిగారు. సాయుధ పోలీసు విభాగంలో ఆయుధాల సంరక్షణ, మరమ్మతు చూసే ఆర్మరర్‌గా ఇరవై రెండేళ్లు పనిచేశాను. నా అనుభవంలో, త్రీ నాట్ త్రీ అని మనం పిలిచే లీ ఎన్‌ఫీల్డ్ వంటి పాత రైఫిళ్లలో ఒకే మోడల్‌కు చెందిన రెండు రైఫిళ్ల మధ్య కూడా మ్యాగజైన్‌ను నమ్మకంగా మార్చలేము.

ఒక ఏడాది వార్షిక ఫైరింగ్‌కు ముందు రోజు బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే మా ఆయుధాగారంలోని త్రీ నాట్ త్రీ రైఫిళ్లను శుభ్రం చేయించాము. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు మ్యాగజైన్లన్నీ ఊడదీసి ఒకే పళ్లెంలో వేసి, తుడిచిన తరువాత చేతికి అందినదాన్ని అందినట్లే బిగించారు. మరునాడు రేంజిలో ఒక కానిస్టేబుల్ రైఫిల్‌లో మూడో తూటా ముక్కు ఛాంబరు (తూటా కూర్చునే గది) కింది అంచుకు గుద్దుకొని, తూటాను లోపలికి తోసే బోల్టు ఆగిపోయింది. త్రీ నాట్ త్రీ తూటా అడుగు అంచు వెలుపలికి పొడుచుకొని ఉంటుంది కనుక, పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండేలా పేర్చకపోతే రెండూ తగులుకుంటాయి. అందుకే ఇన్‌స్ట్రక్టరు, రౌండ్లు పేర్చడం రాలేదని ఆ కానిస్టేబుల్‌నే అందరి ముందూ మందలించారు. నేను విప్పి చూస్తే అంచులు సరిగ్గానే ఉన్నాయి. మ్యాగజైన్ మీద చెక్కిన నంబరు మాత్రం ఆ రైఫిల్‌ది కాదు. అసలుది వెతికి పెట్టగానే పది రౌండ్లూ అడ్డు లేకుండా వెళ్లాయి. తప్పు చేయని మనిషి మాటపడ్డాడన్న బాధ నాకు ఈనాటికీ ఉంది.

లీ ఎన్‌ఫీల్డ్ మ్యాగజైన్ ఊడివస్తుంది కాబట్టి మార్చుకునేందుకే చేశారని చాలామంది అనుకుంటారు. నిజానికి దానిని ఊడదీసేది శుభ్రతకు. నింపడం మాత్రం అయిదు రౌండ్ల క్లిప్పులతో పైనుంచే. తూటాను పట్టి ఉంచే పై పెదవుల వంపు వెంట్రుకవాసి తేడా వచ్చినా తూటా లేచే కోణం మారిపోతుంది.

అసలైన మార్పిడి ఎలా ఉంటుందో చూడాలంటే మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీనే చూడాలి. 1962 యుద్ధం తరువాత అక్కడ పాత త్రీ నాట్ త్రీ నమూనాను 7.62 మిల్లీమీటర్ల తూటాకు మలిచి 2ఏ1 రైఫిల్ చేసినప్పుడు, గట్టి ఉక్కు వాడడంతో పాటు పన్నెండు రౌండ్ల కొత్త మ్యాగజైన్‌ను కూడా రూపొందించారు. బ్రెన్ గన్ అనే తేలికపాటి మెషిన్‌గన్‌ను అదే తూటాకు మార్చినప్పుడు బ్రిటిష్‌వారు బాగా వంగిన పాత మ్యాగజైన్‌ను వదిలి, దాదాపు నిటారుగా ఉండి ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్)కూ సరిపోయేదాన్ని పెట్టారు. మన దేశంలో తయారైన ఇన్సాస్ రైఫిల్ ఇరవై రౌండ్ల మ్యాగజైనూ, దాని ఎల్ఎంజీ (తేలికపాటి మెషిన్‌గన్ రూపం) ముప్పై రౌండ్లదీ పరస్పరం సరిపోవడం కూడా మొదటే ఆలోచించి చేసినదే.

అలా ఆలోచించని చోట మూలం కలిసినా లాభం లేదు. బెల్జియం ఎఫ్ఏఎల్ రైఫిల్ నుంచే బ్రిటిష్ ఎస్ఎల్ఆర్ పుట్టినా, బ్రిటిష్ మ్యాగజైన్ ముందరి కొక్కెం పెద్దది కావడం వల్ల అది మెట్రిక్ కొలతల ఎఫ్ఏఎల్‌లో దూరదు. సోవియట్ రైఫిళ్లు ఏకేఎం, ఏకే-74 చూపుకు కవలలైనా వాటి తూటాలు సన్నబడే తీరు వేరు, కనుక మ్యాగజైన్ వంపూ వేరు. సినిమాల్లో కథానాయకుడు పడి ఉన్న ఏ మ్యాగజైన్‌నైనా తీసి తన తుపాకీలో కొట్టేయడం చూసి పిల్లలు దానినే నిజమనుకోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

మీ దగ్గర లైసెన్సు రైఫిల్ ఉంటే దానితో వచ్చిన మ్యాగజైన్‌నే వాడండి. పాడైతే లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణానికి రైఫిల్‌తో సహా తీసుకువెళ్లండి. 1959 ఆయుధాల చట్టం నిర్వచనంలో ఆయుధాల విడిభాగాలు కూడా ఆయుధాలే కాబట్టి ఇంట్లో ఆకురాయి పట్టవద్దు. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఆ ఫైరింగ్ తరువాత, చెక్కిన నంబర్లు అరిగిపోయిన ప్రతి మ్యాగజైన్ మీదా తెల్ల రంగుతో రైఫిల్ నంబరు నేనే రాశాను.