ట్రిగ్గర్ నొక్కితే టక్‌మంది కానీ పేలలేదు, అప్పుడేం చేయాలి?

షూటింగ్ రేంజ్‌లో పిస్టల్ పేలకపోతే ఏమైందా అని తిప్పి చూసుకున్నా, పక్కాయన గట్టిగా అరిచాడు, అంత తప్పేం చేశా అని అడిగారు కదా. ఆయన అరవడం కరెక్టే అండి, ఏమనుకోకండి. ఒక్కోసారి ప్రైమర్, అంటే తూటా వెనక ఉండి మందుని అంటించే చిన్న బిళ్ల, లేటుగా అంటుకుంటుంది, టక్‌మన్నాక కాసేపాగి కూడా పేలొచ్చు, దాన్నే హ్యాంగ్ ఫైర్ అంటారు, అరుదే కానీ ఆ టైంలో గన్ ఎటు చూస్తుందో అటే పోతుంది బుల్లెట్.

అందుకే పేలకపోతే కదలకండి, బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి వేలు ట్రిగ్గర్ మీంచి తీసేసి కనీసం 30 సెకన్లు ఆగండి, మీ రేంజ్‌లో ఇంకా ఎక్కువ ఆగమంటే అలాగే ఆగండి. తర్వాత ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్, అంటే పిస్టల్ మీద వెనక్కీ ముందుకీ జరిగే భాగం, లాగాలి. రివర్స్‌లో చేస్తే మ్యాగజైన్‌లోంచి ఇంకో రౌండ్ (తూటా) ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే చోటికి, ఎక్కి కూర్చుంటుంది, ఖాళీ అయిపోయిందని మనం హాయిగా ఉంటాం. కొత్తలో నేనూ ఇదే చేసి ఇన్‌స్ట్రక్టర్‌తో చీవాట్లు తిన్నా.

బయటపడ్డ రౌండ్ వెనక ప్రైమర్ మీద గుంట చూడండి, సరిగ్గా పడకపోతే ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ గట్టిగా తగల్లేదేమో, గన్ చెక్ చేయించండి. ఆ రౌండ్ జేబులో వేసుకోకుండా రేంజ్ వాళ్లకి ఇచ్చేయండి.

ఇంకోటి, టక్ కాకుండా తుస్సుమంటే మాత్రం ఇంకో రౌండ్ అస్సలు కాల్చొద్దు. బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనకాల ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుద్ది.