చలికి నొప్పుల మాత్రా? ముందు క్రియాటినిన్ చూపించండి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. ఈ వారం చలిగాలులు పెరుగుతాయని టీవీలో చెబుతున్నారు. నాన్నగారికి 67 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, నీటి మందు కలిసిన మాత్ర వాడుతున్నారు. నాలుగు నెలల కిందట క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) 1.6 ఉంది. చలికి మోకాళ్లు పట్టేస్తున్నాయని మందుల షాపులో అడిగి రోజుకు రెండు నొప్పుల మాత్రలు వేసుకుంటున్నారు. రాత్రి గదిలో కుంపటి పెట్టి తలుపులు మూసేస్తున్నాం. ఆయనకు ఉన్ని స్వెట్టర్ మంచిదా, థర్మల్ మంచిదా? స్నానం మానిపించాలా?

జవాబు: స్వెట్టర్ సంగతి తర్వాత. ఆ నొప్పుల మాత్ర ఈ రోజే ఆపించండి.

కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళం తెరుచుకుని ఉండాలంటే ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు కావాలి. నొప్పుల మాత్ర వాటినే తగ్గిస్తుంది, దాంతో లోపలికొచ్చే దారి ఇరుకవుతుంది. టెల్మిసార్టాన్ బయటికెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. నీటి మందు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. పైగా చలికి మూత్రం ఎక్కువ వస్తుంది, దాహం వేయదు. రాత్రి లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. క్రియాటినిన్ 1.6 ఉన్న మనిషికి ఇంతకంటే చెడ్డ కలయిక ఉండదు.

స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్... వీటిలో ఏ పేరున్నా వద్దు. పక్కన పారాసిటమాల్ అని కూడా ఉందని మోసపోకండి, రెండూ కలిపిన మాత్రలే ఎక్కువ అమ్ముడవుతాయి. మీ సోంపేట వైపు ఉద్దానంలో ఎందరికో ఉన్న కిడ్నీ జబ్బుకు నొప్పుల మాత్రలే కారణమని నేననను, అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని ఇవి ఇంకా దెబ్బతీస్తాయి. అది తెలిసిన ఊళ్లో ఉండి కూడా షాపులో అడిగి వేసుకోవడం ఏమిటమ్మా?

నొప్పి మరీ ఎక్కువైతే ఒక్క పారాసిటమాలే ఉన్న 500 మి.గ్రా. మాత్ర, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా. లివర్ జబ్బు, మద్యం అలవాటు ఉంటే అదీ డాక్టర్‌ను అడిగాకే. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి, చలికి బీపీ పెరుగుతుంది. జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటే అదీ బీపీని పెంచుతుంది. ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించి, స్ట్రిప్పులన్నీ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. నీళ్లు ఎంత తాగాలో ఆయన్నే అడగండి. కాళ్ల వాపు, ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా పరీక్షల కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండోది కుంపటి. మూసిన గదిలో నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన, రంగు ఉండవు. కొబ్బరి చిప్పల నిప్పులు పొగ రావడం మానాక కూడా దాన్ని వదులుతూనే ఉంటాయి. తలనొప్పి, వాంతి వచ్చేటట్టుండటం, మగత కనిపిస్తే మనిషిని బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ అప్పుడు 98 చూపించినా నమ్మకండి, ఆ విషవాయువు పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేస్తుంది. కాబట్టి కుంపటి అరుగు మీదే ఉండాలి, పడుకునే గదిలోకి వద్దు. జీడి పిక్కల తొక్కలు అసలు వేయకండి, ఆ నూనె పొగ ఊపిరితిత్తులను మండిస్తుంది.

తీర ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, అంతకంటే కిందకు దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పడిపోతే వాతావరణ శాఖ చలిగాలులుగా లెక్కిస్తుంది. మైదానాల్లో అయితే 10 డిగ్రీలు. మన ఒళ్లూ, గాలాడేలా కట్టుకున్న మన ఇళ్లూ వేడికి అలవాటు పడ్డవి కాబట్టి ఆ 15 డిగ్రీల చలి కూడా పెద్దవాళ్లకు తక్కువేం కాదు.

స్వెట్టర్ ఏదైనా సరే. లోపల కాటన్ బనియన్, పైన ఉన్నిది, చెవులకు మఫ్లర్, కాళ్లకు సాక్స్. స్నానం మానక్కర్లేదు, ఎండ ఎక్కాక పది గంటలకు గోరువెచ్చటి నీళ్లతో చేయించండి. షుగర్ కూడా ఉంటే వేడినీళ్ల బ్యాగ్ పాదాలకు పెట్టకండి, స్పర్శ తగ్గిన చోట కాలినా తెలియదు.