గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటాం, లిఫ్ట్ ఎక్కనే ఎక్కం. లిఫ్ట్ రిపేరు ఖర్చులో మేమెందుకు వాటా ఇవ్వాలి?

ఆరేళ్ల క్రితం అచ్చం ఇదే మాట మా అపార్ట్‌మెంట్ మీటింగులో లేచి నిలబడి మరీ అన్నాను, అందుకే రాస్తున్నాను. నిజాంపేటలో మాది పదిహేను ఫ్లాట్ల పాత బిల్డింగు, మేం కింద ఉంటాం. లిఫ్ట్ మోటారు కాలిపోయింది, రోప్‌లు కూడా మార్చాలి, మొత్తం 90,000, ఫ్లాటుకి 6,000 అన్నారు. నేను ససేమిరా ఇవ్వనన్నాను. ఆరు వేల కోసం అందరి నోళ్లలో పడ్డామని మా ఆవిడ గొణిగినా వినలేదు.

ఆ వానాకాలం ఒక ఆదివారం పొద్దున్నే మా బాత్రూం జాలీలోంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ పైకొచ్చాయి. బయట డ్రైనేజీ లైను జామ్. పైన పన్నెండు ఫ్లాట్లలోనూ తలస్నానాలు, వాషింగ్ మిషన్లు, ఎవరు కుళాయి తిప్పినా ఆ నీళ్లన్నీ మా ఇంట్లోకే. హాల్లోకి రాకుండా గుమ్మానికి పాత దుప్పట్లు అడ్డం వేసి, నీళ్లు వాడకండని వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక్కరూ చూడలేదు (గుడ్ మార్నింగ్ పువ్వులకైతే నిమిషంలో పది దండాలు వస్తాయి). చివరికి వాచ్‌మన్ పైకెళ్లి ట్యాంకు వాల్వు కట్టేశాడు. జెట్టింగ్ మిషను, కొత్త పైపు కలిపి 30,000. నాలుగో ఫ్లోర్ ఆయన "మా ఇంట్లోకైతే రాలేదు కదండీ" అని నవ్వి, తన రెండు వేలు అందరికంటే ముందు పంపాడు. సాయంత్రానికల్లా నా లిఫ్ట్ బాకీ కట్టేశాను.

మీ సేల్ డీడ్ తీసి చూడండి. ఫ్లాటుతో పాటు స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని ఉంటుంది. లిఫ్టూ, మెట్లూ, టెర్రసూ అందరివీ, వాడినంత మేరకే కడతాననే లెక్క అక్కడ కుదరదు. బిల్డర్లు, ఫ్లాట్ల అమ్మకాల మీద తెచ్చిన 2016 రెరా చట్టం కూడా మెయింటెనెన్స్‌లో వాటా కట్టడం కొన్నవాళ్ల బాధ్యతే అంటుంది. అయితే అదే చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలి. మీది కొత్త బిల్డింగైతే ముందు అతన్ని పట్టుకోండి, మీలో మీరు తర్వాత కొట్టుకోవచ్చు.

అలాగని నోరు మూసుకుని కట్టమనడం లేదు. డబ్బులు ఆపేవాడి మాట మీటింగులో ఎవరూ వినరు, కట్టినవాడు మాత్రం గట్టిగా లెక్క అడగొచ్చు. బాకీ తీరాక నేను చేసిన మొదటి పని అదే. "ఇతర ఖర్చులు 11,400" అని లెక్కల పుస్తకంలో ఒక్క ముక్క రాసుంది, బిల్లులు అడిగితే సగానికి లేవు. గొడవ చేశాను. అంత తెలిస్తే నువ్వే చూసుకో అని ఆ పుస్తకం నా చేతిలో పెట్టి ట్రెజరర్‌ని చేశారు. ఇప్పుడు రెండో ఫ్లోర్ ఓనరు అమెరికాలో ఉన్నాడు, ఐదు నెలల బాకీ. నిన్న ఫోన్ చేస్తే "తాళం వేసిన ఫ్లాటుకి మెయింటెనెన్స్ ఏంటండీ?" అంటున్నాడు.