హెచ్‌ఐవీ వైరస్ కనపడకపోయినా రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుందా? ఆస్పిరిన్ వేసుకోవచ్చా?

తమ్ముడూ, నీకు 46 ఏళ్లు, శ్రీకాకుళంలో హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు తీసుకుంటున్నావు, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడటం లేదు. అయినా లోపల ఇన్‌ఫ్లమేషన్, అంటే కంటికి కనపడని వాపు, ఉంటుందని, రక్తం గడ్డకడుతుందని చదివి టెన్షన్ పడుతున్నావు. రోజూ ఆస్పిరిన్ వేసుకోనా, రక్తం గడ్డల జాడ చూసే డి-డైమర్ పరీక్ష చేయించుకోనా అని అడిగావు. నాదీ అదే జబ్బు, అవే మందులు. మాది ఉద్దానం, పలాసలో జీడిపప్పు పనికి వెళ్తాను.

నువ్వు చదివింది నిజమే. మందులు వైరస్‌ని అణచిపెడతాయి గానీ ఒంట్లోంచి పూర్తిగా తీసెయ్యలేవు. పైగా ఆ వైరస్ మొదట్లోనే పేగుల్లోని రక్షణ కణాలను దెబ్బతీస్తుంది. అక్కడి నుంచి బాక్టీరియా ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంటాయి. దాంతో నివురుగప్పిన నిప్పులా ఇన్‌ఫ్లమేషన్ ఏళ్ల తరబడి ఉండిపోయి రక్తనాళాలను పాడుచేస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది.

దీనికి మొదటి మందు ఏఆర్‌టీయే. 2006లో వచ్చిన స్మార్ట్ పరిశోధనలో, సీడీ4 (రక్షణ కణాల లెక్క) బాగుందని మందులు మధ్యమధ్య ఆపినవాళ్లలో మరణాలు, గుండెజబ్బులు పెరిగాయి. జాతరకి వెళ్లినా, చేపల వేటకి గుజరాత్ వెళ్లినా మాత్రల డబ్బా వెంట ఉండాల్సిందే. ఇక డి-డైమర్ అంటావా, అది ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది, దెబ్బ తగిలినా పెరుగుతుంది. ఏ లక్షణమూ లేకుండా చేయించుకుంటే డబ్బు దండగ, దిగులు అదనం.

ఆస్పిరిన్‌ని మనలాంటివాళ్లకి ఇచ్చి చూశారు, ఇన్‌ఫ్లమేషన్ తగ్గలేదు. కడుపులో రక్తస్రావం భయం మాత్రం ఉంటుంది. గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంట్ వేసినవాళ్లకి డాక్టర్ రాస్తే అది వేరే లెక్క.

అంతకన్నా నాకు భయం నొప్పి బిళ్లలంటేనే. రోజంతా కూర్చుని పప్పు తీస్తే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ముందు బయటికి తీసేది డైక్లోఫెనాక్ సూదే. ‘వాపు తగ్గుతుందమ్మా’ అంటారు. ఆ వాపు వేరు, మనం మాట్లాడుకునే ఇన్‌ఫ్లమేషన్ వేరు. మనం వేసుకునే ఏఆర్‌టీ మాత్ర టీఎల్‌డీలో టెనోఫోవిర్ అనే మందు ఉంది, అది కొందరిలో కిడ్నీల మీద పడుతుంది. దానికి ఈ సూదులు, బిళ్లలు తోడైతే? కిడ్నీ జబ్బు గురించి ఉద్దానం వాళ్లకి ఒకరు చెప్పాలా! నేను పారాసెటమాల్‌తో సరిపెట్టుకుంటాను, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష అడిగి మరీ చేయించుకుంటాను.

నువ్వు డాక్టర్‌ని అడగాల్సింది స్టాటిన్ గురించి, అంటే కొలెస్ట్రాల్ మాత్ర. 2023లో రిప్రీవ్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన దేశంతో కలిపి 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల మధ్య హెచ్‌ఐవీ ఉన్న 7,769 మందిని తీసుకున్నారు. గుండెజబ్బు ముప్పు పెద్దగా లేనివాళ్లే. రోజూ పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. నీ వయసు అందులోకే వస్తుంది. కాకపోతే షాపులో నీ అంతట నువ్వు కొనుక్కోకు. షుగర్ కొంచెం పెరగొచ్చు. రిటోనావిర్ ఉన్న హెచ్‌ఐవీ మందుల మీద ఉన్నవాళ్లు సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్‌ని అసలు ముట్టుకోకూడదు.

పొగ తాగుతావో లేదో నువ్వు రాయలేదు. మా వైపు ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తాం. నేనూ తాగాను, పంటినొప్పికి మంచిదని మా అమ్మే నేర్పింది. ఏఆర్‌టీ మొదలుపెట్టడం కన్నా అది మానడమే నాకు కష్టమైంది. పని మధ్య చెయ్యి దానంతటదే కొంగుముడి వైపు పోయేది, అందులో చుట్ట ఉండేది మరి. మందులు సరిగ్గా వాడే హెచ్‌ఐవీ వాళ్లలో వైరస్ తినే ఆయుష్షు కన్నా పొగ తినేదే రెట్టింపు పైగా ఉంటుందని డెన్మార్క్ పరిశోధకులు లెక్క తేల్చారు. బీపీ, షుగర్ చూపించుకోవడం, రోజూ నడవడం, ఎండుచేపల ఉప్పు తగ్గించడం నీకు తెలిసినవే.

ఇంకొకటి. మన జిల్లాలో కాలు వాస్తే బోదకాలు అనుకుని నూనె రాసి పిసుకుతారు. ఒక్క పిక్కే ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి, నొప్పి పుడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, పిసకనివ్వకు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఏఆర్‌టీ మందుల సంగతి చెప్పు. డి-డైమర్, కాలి స్కానింగ్ అప్పుడు అవసరమైతే వాళ్లే రాస్తారు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీ పొడిచినట్టున్నా బస్సు కోసం చూడకు, 108కి ఫోన్ చెయ్యి.