పాప ఇంటికి రాకముందే ఈఎంఐ రానివ్వకండి

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. నాకు 43, మా ఆవిడకు 39. పిల్లలు లేరు. ఏడెనిమిదేళ్ల పాపను, దత్తత కాకుండా, ఫోస్టర్ కేర్‌లో పెంచుకోవాలని అనుకుంటున్నాం. నా జీతం 1,18,000. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 34,000 వస్తుంది. 24,000 అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 95,000. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే ఎస్ఐపీలు 30,000. ఎఫ్‌డీలో 1.6 లక్షలున్నాయి. సోషల్ వర్కర్ ఇల్లు చూడటానికి వస్తారు కాబట్టి 42,000 అద్దెకు ఒక త్రీ బీహెచ్‌కే మాట్లాడాం. పది నెలల అడ్వాన్సు, పాప గదికి మంచం, ఏసీ కలిపి 5 లక్షల పర్సనల్ లోన్ అనుకుంటున్నాం. 16 శాతం వడ్డీ, మూడేళ్లు. బ్యాంకు వాళ్లు ప్రీ-అప్రూవ్డ్ అని మెసేజ్ పెట్టారు. పాప వచ్చాక ఆవిడ ఆరు నెలలు జీతం లేని సెలవు పెడుతుంది. ప్రభుత్వం నెలకు ఇచ్చే 4,000 ఉంటుంది కదా. ఈ ప్లాన్ సరేనా?

జవాబు: పాపను తెచ్చుకోవాలన్న ఆలోచన బాగుంది. దానికోసం మీరు వేసుకున్న లెక్క మాత్రం బాగాలేదు. మీలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఇదే పని చేయబోయారు, అందుకే కాస్త గట్టిగానే రాస్తున్నాను.

ముందు ఆ త్రీ బీహెచ్‌కే సంగతి. సోషల్ వర్కర్ వచ్చి ఇల్లు చూడటాన్ని హోమ్ స్టడీ అంటారు, అది పెళ్లిచూపులు కాదు. సోషల్ వర్కర్ చూసేది ఇంట్లో పిల్లకు చోటుందా, శుభ్రంగా, భద్రంగా ఉందా, భార్యాభర్తలిద్దరికీ ఇష్టమేనా, ఆరోగ్యం ఎలా ఉంది, వచ్చే ఆదాయంతో ఇంకో మనిషిని పోషించగలరా అని. మీ ఆర్థిక పరిస్థితి కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది. కొత్త ఏసీతో పాటు కొత్త అప్పూ కనిపిస్తుంది. కె.ఆర్.పురంలో మీ టూ బీహెచ్‌కేలో రెండో గది ఖాళీ చేసి ఒక మంచం, ఒక బీరువా, చదువుకునే బల్ల వేస్తే చాలు. ఇప్పుడా గదిలో ఇస్త్రీ బట్టలు, పాత సూట్‌కేసులు ఉంటాయని పందెం కాస్తాను.

ఇప్పుడు మీ అంకెలే మీకు చదివి వినిపిస్తాను. 5 లక్షల లోన్‌కు ఈఎంఐ సుమారు 17,580. మూడేళ్లలో కట్టే వడ్డీ దాదాపు 1.33 లక్షలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఆవిడ సెలవు పెట్టాక ఇంటికొచ్చేది 1,18,000 మాత్రమే. పాత ఖర్చు 95,000, పెరిగిన అద్దె 18,000, ఈఎంఐ, పాపకు కనీసం 12,000 వేసుకోండి. మొత్తం 1,42,580. అంటే నెలకు 24,580 తక్కువ, అదీ ఎస్ఐపీలన్నీ ఆపేసిన తర్వాత. ఆరు నెలలకు లోటు దాదాపు 1.47 లక్షలు. మీ ఎఫ్‌డీ 1.6 లక్షలు! పాప మీకు అలవాటు పడే సమయానికి మీ దగ్గర పదమూడు వేలు మిగులుతాయి.

అదే ఇంట్లో, లోన్ లేకుండా ఉంటే? ఖర్చు 1,07,000. ఆవిడ సెలవులో ఉన్నా నెలకు 11,000 మిగులుతుంది.

ఆ 4,000ను లెక్కలోంచి తీసేయండి. కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లకు నెలకు 4,000 సాయం ఉన్న మాట నిజమే. దాన్ని మంజూరు చేయడానికి ఒక కమిటీ ఉంది, అందరికీ ఆటోమేటిక్‌గా రాదు. వచ్చినా అది పిల్ల కోసం. పిల్ల డబ్బుతో ఏసీ ఈఎంఐ కట్టడమేమిటండీ?

ఇక అసలు విషయం, నేను ప్రతిసారీ సణిగేదే: ఎమర్జెన్సీ ఫండ్. ఫోస్టర్ కేర్‌లో ఇది మామూలు ఇళ్లకంటే ఎక్కువ అవసరం. ఎందుకో చెప్తాను. ఫోస్టర్ పిల్ల చట్టప్రకారం మీ బిడ్డ కాదు. బాలల సంక్షేమ కమిటీ ఆర్డరుతో మీ దగ్గర పెరుగుతుందంతే. ఉద్యోగులకు ఆఫీసు ఇచ్చే చాలా గ్రూప్ హెల్త్ పాలసీల్లో "పిల్లలు" అంటే కన్నవాళ్లు, చట్టబద్ధంగా దత్తత తీసుకున్నవాళ్లు అనే ఉంటుంది.

బెల్లందూరులో ఉండే నా క్లయింట్లకు తొమ్మిదేళ్ల పాప వచ్చింది. వచ్చిన రెండో నెలలోనే డెంగీ. రాత్రి పదకొండింటికి హాస్పిటల్‌కు తీసుకెళ్లారు. అడ్మిషన్ ఫారంలో "సంబంధం" అన్న గడిలో ఆవిడ అమ్మ అని రాసి, కొట్టేసి, ఫోస్టర్ అని రాశారట. ఇన్సూరెన్స్ కౌంటర్లో కుర్రాడు కార్డు తిప్పి చూసి, పాప పేరు లేదు మేడమ్ అన్నాడు. నాలుగు రోజులకు 86,000 బిల్లు. వాళ్లకు విడిగా పెట్టుకున్న డబ్బుంది కాబట్టి సరిపోయింది. మీ ప్లాన్ ప్రకారమైతే ఆ రాత్రి మీరు ఫోన్లో ఇంకో లోన్ యాప్ తెరిచేవాళ్లు.

పైగా పిల్లల సంరక్షణ సంస్థల్లో పెరిగి వచ్చిన పిల్లలకు పళ్లు, కళ్లజోడు, వెనకబడ్డ చదువుకు ట్యూషన్, ఒక్కోసారి కౌన్సెలింగ్, ఇవన్నీ మొదటి ఏడాదిలోనే మీద పడతాయి.

మీకు కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే 1,07,000 చొప్పున 6.42 లక్షలు. ఎస్ఐపీలు ఆపండి. ఆ 30,000, దాని మీద మిగులుతున్న 27,000 (ఇప్పుడది ఎక్కడికి పోతోందో మీరు రాయలేదు) కలిపి నెలకు 57,000 పక్కన పెడితే, ఉన్న ఎఫ్‌డీతో కలిసి తొమ్మిది నెలల్లో 6.7 లక్షలు దాటుతుంది. సగం సేవింగ్స్‌లో, సగం ఎప్పుడైనా విరగ్గొట్టుకోగల ఎఫ్‌డీల్లో. షేర్లలో వద్దు, బంగారంలో వద్దు. తొమ్మిది నెలలు ఎక్కువనిపిస్తే, దరఖాస్తు ఇప్పుడే పెట్టేయండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం పరిశీలన, హోమ్ స్టడీ, పిల్ల రిపోర్టు, కమిటీ ఆర్డరు, ఇదంతా వారం పని కాదు. ఫైలు కదిలిస్తామని డబ్బడిగే మధ్యవర్తిని గుమ్మం దగ్గరే పంపేయండి. పిల్లల్ని అమ్మడం, కొనడం జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడే నేరం.

ఇంకొకటి, చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. పరిస్థితులు చక్కబడితే పాప కన్నవాళ్ల దగ్గరకు తిరిగి వెళ్లొచ్చు. ఫోస్టర్ కేర్ ఉద్దేశంలోనే అది ఉంది. అప్పుడు పాప గది ఖాళీగా ఉంటుంది, ఆ గది ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అయిదో తారీఖున వస్తుంది. పాప మీ దగ్గరే ఉండిపోతే, 2024 మార్గదర్శకాల ప్రకారం దత్తతకు అడగడానికి రెండేళ్లు చాలు, అంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది. సుకన్య ఖాతా, పాప పేరు మీద ఫండ్లు, పెద్ద ఇల్లు, అన్నీ అప్పుడు చూద్దాం. వీలునామా మాత్రం ఆర్డరు రాగానే రాసుకోండి. ఫోస్టర్ బిడ్డకు మీ ఆస్తిలో దానంతట అది హక్కు రాదు.

ఈ వారం రెండు పనులు చేయండి. ఇల్లు చూపించిన బ్రోకరుకు వద్దని చెప్పండి. మీ హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: కమిటీ ఆర్డరుతో మా ఇంట్లో ఉండే ఫోస్టర్ పిల్లను గ్రూప్ పాలసీలో చేర్చగలరా, చేర్చగలిగితే ఏ కాగితాలు కావాలి అని. ఫోన్లో "అయిపోతుంది సార్" అంటే నమ్మకండి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.